ఖనిజ లవణ మిశ్రమం పెడుతున్నా ఆవులు చూడి కట్టకపోతే లోపం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న – పాడి రైతు, మదనపల్లె ప్రాంతం

అందరికీ నమస్కారం. మాకు మూడు జెర్సీ సంకరజాతి ఆవులున్నాయి. ఒకటి ఈని నాలుగు నెలలు దాటినా ఎదకు రాలేదు. రెండోది 21 రోజులకొకసారి క్రమం తప్పకుండా ఎదకు వస్తోంది గానీ, మూడుసార్లు సూది (కృత్రిమ గర్భధారణ) వేయించినా పొర్లుతూనే (చూడి నిలవక మళ్లీ ఎదకు వస్తూనే) ఉంది. రెండూ రోజుకు పది లీటర్ల వరకు పాలిస్తున్నాయి. మూడోది నిండు చూడితో ఉంది. మేత ప్రధానంగా వరిగడ్డి, దాణాగా తవుడు, కొద్దిగా వేరుశనగ చెక్క. ఎండాకాలంలో పచ్చిమేత దాదాపు దొరకదు. నెల రోజులుగా ఖనిజ లవణ మిశ్రమాన్ని కుడితిలో కలిపి పెడుతున్నా మార్పు కనిపించలేదు. మందుల దుకాణంలో కాల్షియం టానిక్ కూడా పట్టించమంటున్నారు. మోతాదు పెంచాలా, వేరే పొడికి మారాలా, లేక లోపం మరెక్కడైనా ఉందా? అనుభవజ్ఞులు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు – పశువైద్యుడు, కరీంనగర్

మీరు రెండు ఆవులనూ ఒకే సమస్యగా చూస్తున్నారు గానీ, అవి రెండు వేర్వేరు సమస్యలు. క్రమంగా ఎదకు వచ్చే ఆవులో అండాశయాలు పనిచేస్తున్నట్లే లెక్క. కాబట్టి అక్కడ మొదట అనుమానించవలసింది ఖనిజ లోపాన్ని కాదు, గర్భకోశాన్ని, సూది వేయించే వేళను. ఎదలో వేసే తీగ (మానం నుంచి జారే జిగురు ద్రవం) గాజులా తేటగా ఉందా, తెల్లటి చీము తునకలు కనిపిస్తున్నాయా అన్నది గమనించండి. చీము ఉంటే చికిత్స చేయించకుండా ఎన్ని సూదులు వేయించినా ప్రయోజనం ఉండదు. తీగ తేటగా ఉంటే, ఉదయం ఎద కనిపించిన ఆవుకు సాయంత్రం, సాయంత్రం కనిపించిన ఆవుకు మరునాటి ఉదయం సూది పడుతోందో లేదో చూసుకోండి.

ఎదకు రాని ఆవుకు పొడి మోతాదు పెంచే ముందు డాక్టరు చేత చేయి పెట్టించి పరీక్ష చేయించండి. అండాశయాలు చిన్నవిగా, నునుపుగా ఉంటే అది పోషణ లోపం. అందులోనూ మొదటిది శక్తి లోపమే. ఈనిన తరువాత పాలు పెరిగినంత వేగంగా మేత పెరగదు. ఆవు ఒంటి కొవ్వును కరిగించి పాలిస్తుంది, ఆ కాలంలో శరీరం పునరుత్పత్తిని వాయిదా వేస్తుంది. పక్కటెముకలు బయటపడిన ఆవుకు ఎంత మంచి మిశ్రమం పెట్టినా, మొక్కజొన్న వంటి శక్తినిచ్చే దాణా పెంచకపోతే ఎద రావడం కష్టం.

ఇక ఖనిజాల లెక్క చూద్దాం. లీటరు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం పోతుంది. పది లీటర్లకు 12 గ్రాములు. మేతలోని కాల్షియంలో సగం కూడా ఒంటికి పట్టదు కాబట్టి, లోపలికి పోవలసింది అంతకు రెట్టింపు పైమాటే. 20 శాతం కాల్షియం ఉన్న మిశ్రమం 50 గ్రాములు పెడితే వచ్చేది 10 గ్రాములు. మిగతాది మేత నుంచి రావాలి. కానీ వరిగడ్డిలోని ఆక్సలేట్లు అనే లవణాలు కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. తవుడులో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. అందువల్ల అందరికీ భాస్వరం లోపమని చెప్పే మాట మీ మేతకు అంతగా వర్తించదు. మీ దగ్గర తక్కువ పడే అవకాశం ఉన్నవి కాల్షియం, జింకు, రాగి. జింకు, రాగి పరిమాణంలో చిన్నవే అయినా, అవి చాలకపోతే మూగ ఎదలు (లక్షణాలు బయటకు కనిపించని ఎదలు), బలహీనమైన ఎదలు వస్తాయి. దుకాణంలోని టానిక్‌లో ఎక్కువగా కాల్షియమే ఉంటుంది గనుక అది మిశ్రమానికి బదులు కాజాలదు. వేరుశనగ కట్టె (కాయలు కోశాక మిగిలే ఎండు మొక్క) దొరికితే వరిగడ్డిలో కొంత భాగం దానితో మార్చడం టానిక్ కన్నా చౌక, మేలు కూడా.

నెల రోజులకే ఫలితం ఆశించకండి. అండం ఎదిగి విడుదల కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

జవాబు – పాడి రైతు, నల్గొండ జిల్లా

డాక్టరు గారు చెప్పినదానికి రెండు విషయాలు చేరుస్తాను. కుడితిలో కలిపిన పొడి అడుగున పేరుకుపోతుంది. ఆవు పైన నీళ్లు తాగి వదిలేస్తుంది. తడి చేసిన దాణాలో బాగా కలిపి పెట్టండి. తొట్టి అడుగు ఒకసారి చేత్తో తడిమి చూస్తే, నెల రోజులుగా ఎంత పొడి లోపలికి పోయిందో మీకే తెలుస్తుంది.

రెండవది, సంచి మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు చూసి కొనండి. ఆ ప్రమాణం ఐఎస్ 1664; అందులో ఉప్పు కలిపిన రకం, కలపని రకం అని రెండున్నాయి, ఏది తెచ్చారో తెలిస్తే ఉప్పు విడిగా వేయాలో వద్దో తేలుతుంది. శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేటు (భాస్వరం ఉన్న రాయి)తో చేసిన చౌక పొడుల్లో ఫ్లోరిన్ ఎక్కువగా ఉండవచ్చు. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న మా వంటి ప్రాంతాల్లో ఆ పొడులు పశువుల పళ్లను, ఎముకలను మరింత పాడు చేస్తాయి. విడిగా, పేరు లేని సంచుల్లో అమ్మే పొడిని నేనైతే పశువుకు పెట్టను.

ప్రశ్న అడిగిన రైతు

ఇద్దరికీ కృతజ్ఞతలు. తొట్టి అడుగున తెల్లటి పొర నిజంగానే ఉంది. ఎదకు రాని ఆవు బాగా చిక్కి ఉంది. పరీక్ష చేయిస్తాను. నిండు చూడి ఆవుకు ఈ ఇబ్బంది రాకుండా ఇప్పటి నుంచే కాల్షియం ఎక్కువగా ఇవ్వవచ్చా?

జవాబు – పశువైద్యుడు, కరీంనగర్

ఇవ్వకండి. ఈనడానికి ముందు మూడు వారాల్లో కాల్షియం ఎక్కువైతే, ఎముకల నుంచి కాల్షియాన్ని తీసే ఏర్పాటు మందగిస్తుంది. ఈనగానే పాలలోకి ఒక్కసారిగా కాల్షియం పోయినప్పుడు రక్తంలో మట్టం పడిపోయి పాల జ్వరం వస్తుంది. పాల జ్వరం వచ్చిన ఆవుల్లో మాయ (ఈనాక బయటకు రావలసిన పొర) నిలిచిపోవడం, గర్భకోశానికి చీము పట్టడం, చివరకు పొర్లడం ఎక్కువ. మామూలు మిశ్రమం మామూలు మోతాదులో సరిపోతుంది, టానిక్ ఈనిన తరువాత అవసరమైతే చూద్దాం. గత ఈతల్లో మాయ వేయక ఇబ్బంది పడిన ఆవైతే విటమిన్ ఇ, సెలీనియం గురించి మీ డాక్టరుతో మాట్లాడండి. సెలీనియం మోతాదు మించితే విషమవుతుంది కాబట్టి దానిని సొంతంగా కొని వేయవద్దు.