స్కోన్లలోకి క్లాటెడ్ క్రీమ్ ఇంట్లో గడ్డకట్టడం లేదు

స్కోన్లు (జామ్, క్రీమ్ వేసుకుని తినే చిన్న ఇంగ్లిష్ బన్నులు) బాగానే పొంగుతున్నాయి, సమస్యంతా సన్న సెగలో గంటల తరబడి ఉంచి గడ్డకట్టించే క్లాటెడ్ క్రీమ్‌తోనే. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో సాయంత్రం టీతో తిన్నదానికి పైన బంగారు రంగు మీగడ పొర, కింద వెన్నలాంటి చిక్కదనం ఉండేవి. జామ్ మీద వేస్తే జారేది కాదు. ఆ పొరే దాని ప్రాణం.

ఇక్కడ హైదరాబాద్‌లో 25 శాతం కొవ్వున్న ప్యాకెట్ క్రీమ్‌ను వెడల్పాటి గాజు గిన్నెలో పోసి, ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర 12 గంటలు ఉంచి, కదపకుండా చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. పైన పల్చటి పొర కట్టింది, కింద మాత్రం పాలలాగే ఉంది. గిన్నె మార్చినా, ఇంకో రెండు గంటలు పెంచినా అంతే. అక్కడి క్లాటెడ్ క్రీమ్‌లో కొవ్వు కనీసం 55 శాతం ఉంటుంది కాబట్టి తేడా అక్కడే వస్తోందనుకుంటున్నా.

రోజూ తీసిన గేదెపాల మీగడను కూడబెట్టి ఇలాగే ఓవెన్‌లో పెడితే గడ్డకడుతుందా, లేక నెయ్యి తేలిపోతుందా? చేసి చూసినవాళ్లు చెప్పగలరా?