అమ్మతో నార్తర్న్ లైట్స్ ట్రిప్: ట్రోమ్సోలో పెద్ద బస్సా, చిన్న వ్యానా?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవుల్లో మా అమ్మను నార్వేలోని ట్రోమ్సోకు తీసుకెళ్ళి నార్తర్న్ లైట్స్ చూపించాలని ఉంది. నేను విజయవాడలో బ్యాంకులో పనిచేస్తున్నాను. అమ్మకు 64 ఏళ్ళు. జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైంది. 2024 మే నెలలో లద్దాఖ్‌లోని హాన్లే దగ్గర ఆకాశం ఎర్రబడిన ఫొటోలు పేపర్లో వచ్చాయి కదా, అవి కత్తిరించి దాచుకుంది. నన్ను ఏనాడూ అడగలేదు గానీ, ఆ ముచ్చట తీర్చాలని నాకే ఉంది.

ఆమెకు మోకాళ్ళ నొప్పులు. నడుస్తుంది, కానీ మెల్లగా. షుగర్‌కి రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. గుడ్డు కూడా ముట్టదు.

గైడెడ్ ట్రిప్‌ల సంగతి చూస్తే యాభై మంది ఎక్కే పెద్ద బస్సులున్నాయి, ఎనిమిది మందినే తీసుకెళ్ళే వ్యాన్లూ ఉన్నాయి. ధరలో చాలా తేడా ఉంది. సాయంత్రం ఆరింటికి బయల్దేరితే తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుందంటున్నారు. అంతసేపు ఆ చలికి అమ్మ తట్టుకోగలదా? నేను మాట్లాడిన ఒక ట్రావెల్స్ ఆయన "కేపీ 5 వస్తేనే కనిపిస్తుంది, అది మన చేతుల్లో లేదు" అని తేల్చేశాడు. అది నిజమేనా? ఎన్ని రాత్రులు పెట్టుకోవాలి? డబ్బు కట్టాక మబ్బు పడితే ఏంటి పరిస్థితి? వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడ ఉంటున్నవాళ్ళు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

ఓరుగల్లు నుంచి ఆర్కిటిక్

అక్కా, నేను ట్రోమ్సో యూనివర్సిటీలో మాస్టర్స్ చేశాను. చదువుకునేటప్పుడు చలికాలాల్లో ఒక గైడ్ దగ్గర హెల్పర్‌గా వెళ్ళేవాణ్ణి. వ్యాన్లో సూట్లు సర్దడం, మంట వెయ్యడం, పెద్దవాళ్ళను చెయ్యిపట్టి దింపడం నా పని. అమ్మగారిని తీసుకురండి. అయితే ట్రిప్ ఎంచుకోవడంలో మాత్రం తొందరపడకండి.

ముందు ఆ కేపీ సంగతి. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కలవరపడిందో 0 నుంచి 9 దాకా చెప్పే అంకె అది. ట్రోమ్సో 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. అరోరా, అంటే నార్తర్న్ లైట్స్, కనిపించే వలయం మామూలు రోజుల్లో కూడా దాదాపు ఈ ఊరి నెత్తిమీదుగానే వెళ్తుంది. ఇక్కడ కేపీ 1, 2 ఉన్నా చాలు. కేపీ 5, 6 కావాల్సింది దక్షిణాన చాలా దూరంలో ఉన్నవాళ్ళకి. హాన్లేలో కనిపించిన 2024 మే సౌర తుఫానప్పుడైతే కేపీ 9 దాకా వెళ్ళింది, అంటే స్కేల్‌లో ఆఖరి అంకె. ట్రోమ్సోలో అంత అక్కర్లేదు. ఇక్కడ అసలు శత్రువు మబ్బు. అరోరా 100 కిలోమీటర్ల ఎత్తులో, ఇంకా పైన వెలుగుతుంది. మబ్బులేమో పది కిలోమీటర్ల లోపే. పైన ఎంత వెలిగినా కింద మబ్బు కప్పేస్తే ఏమీ కనపడదు.

అందుకే ఏ ఆపరేటర్నైనా మొదట అడగాల్సింది ఒకటే: "ఊళ్ళో మబ్బుంటే ఎంత దూరం తీసుకెళ్తారు?" ట్రోమ్సో సముద్రం ఒడ్డున ఉంది. తేమ గాలి వచ్చి కొండలకు తగిలి మంచుగా కురుస్తుంది. లింగెన్ కొండలు దాటి లోపలికి, షిబోట్న్ వైపు వెళ్తే గాలి పొడిగా ఉంటుంది. ఇంకా ముందుకు పోతే ఫిన్లాండ్ సరిహద్దు, కిల్పిస్‌యార్వి అనే చిన్న ఊరు. ట్రోమ్సోలో మంచు కురుస్తున్న రాత్రి అక్కడ చుక్కలు కనిపించడం నేను చూశాను. కానీ అది రెండున్నర గంటల దారి. మంచి గైడ్ మధ్యాహ్నం నుంచే శాటిలైట్ మబ్బుల ఫొటోలు, నార్వే వాతావరణ శాఖ వాళ్ళ వైఆర్ యాప్ చూస్తూ కూర్చుంటాడు. ఆరింటికి మీరు ఎక్కేసరికి ఎటు వెళ్ళాలో నిర్ణయమైపోయి ఉంటుంది. "ఫిన్లాండ్ దాకా వెళ్ళం" అని ముందే చెప్పేవాళ్ళు చౌకగా దొరుకుతారు, కానీ మబ్బుగా ఉన్న వారంలో వాళ్ళ చేతిలో ఏమీ ఉండదు.

పెద్ద బస్సు వద్దనే చెప్తాను. ధర తక్కువే, కానీ ఇరుకు రోడ్ల పక్కన అది ఆగగలిగే చోట్లు తక్కువ. ఆగిన ప్రతిసారీ యాభై మంది దిగి ఎక్కేసరికి సగం వెలుగు అయిపోతుంది. అమ్మగారిలా మెల్లగా నడిచేవాళ్ళకు ఆ తోపులాటలో కష్టం. చిన్న వ్యాన్‌లో ఆమె లోపలే వెచ్చగా కూర్చుని ఉండొచ్చు, గైడ్ "వచ్చింది" అన్నాక దిగితే చాలు. ఇంకో మాట, నార్వేలో డబ్బు తీసుకుని మనుషుల్ని తిప్పాలంటే రవాణా లైసెన్సు తప్పనిసరి. ఉందా లేదా అని మొహమాటపడకుండా అడగండి. ఐసు రోడ్డు మీద అర్ధరాత్రి డ్రైవింగ్ ఇది, ఇక్కడ మొహమాటం పనికిరాదు.

మూడో రకం కూడా ఉంది. ఊరికి కొంచెం దూరంలో ఒకేచోట క్యాంపు, గుడారంలో మంట, పక్కనే టాయిలెట్. పెద్దవాళ్ళకు ఎంతో సుఖం. మబ్బు పడితే మాత్రం అక్కడినుంచి కదలరు. రోడ్డు మీద తిరిగే వ్యాన్‌కైతే దారిలో టాయిలెట్ దొరకడం కష్టం. ఏ పెట్రోలు బంకు దగ్గర ఆపుతారో ముందే కనుక్కోండి. ఆడవాళ్ళు ఈ విషయం అడగడానికి మొహమాటపడి సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తుంటారు. ఆ చలిలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళకు అది అస్సలు మంచిది కాదు.

చలి గురించి. గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం వల్ల ట్రోమ్సో ఊళ్ళో జనవరిలో మైనస్ నాలుగు, ఐదు దగ్గరే ఉంటుంది. ఇది విని చాలామంది ధైర్యంగా వచ్చేస్తారు. కానీ వ్యాన్ వెళ్ళేది లోపలికి, అక్కడ మైనస్ ఇరవై కూడా మామూలే. చాలా ట్రిప్‌లలో పైన వేసుకునే మందపాటి సూటు, బూట్లు వాళ్ళే ఇస్తారు. అమ్మగారి కొలత, బూటు సైజు ముందే రాసి పంపండి. మనవాళ్ళ చిన్న పాదాలకు సరిపోయే బూట్లు అప్పటికప్పుడు దొరకవు. లోపల ఒంటికి ఆనుకుని ఉన్ని ఇన్నర్లు వెయ్యాలి, కాటన్ వద్దు. కాటన్ చెమట పీల్చుకుని ఒంటిమీదే చల్లబడుతుంది. చలి ముందు పట్టుకునేది కాళ్ళని. సాక్సు రెండు జతలు బిగించి వేస్తే రక్తం ఆడక వేళ్ళు ఇంకా తొందరగా మొద్దుబారతాయి. మందపాటి ఉన్ని సాక్సు ఒక్కటే వేసి, బూటులో వేళ్ళు కదిపేంత చోటు ఉండేలా చూడండి. నేను పెద్దవాళ్ళ కాళ్ళ కింద ఫోమ్ షీటు ముక్క పరిచేవాణ్ణి. మంచుకూ బూటుకూ మధ్య అది ఉంటే ఇంకో అరగంట నిలబడతారు. ఊళ్ళో నడిచేటప్పుడు బూట్ల కింద తగిలించే ఇనుప ముళ్ళు తప్పకుండా కొనండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ట్రోమ్సోలో భయపడాల్సింది చలికన్నా ఫుట్‌పాత్ మీది ఐసుకే.

ఇన్సులిన్ గడ్డకడితే ఇక పనికిరాదు. బ్యాగులో, వ్యాన్ డిక్కీలో పెట్టకుండా అమ్మగారి లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేచోట ఉంచండి. షుగర్ చూసే మెషిన్ కూడా బాగా చల్లబడితే ఎర్రర్ చూపిస్తుంది, అదీ లోపలే. బయల్దేరే ముందు భోజనం, ఇన్సులిన్ టైము ఎలా సర్దుకోవాలో ఇక్కడే డాక్టర్ గారితో మాట్లాడి రండి. ట్రిప్‌లో ఇచ్చే సూప్ చేపదో రెయిన్‌డీర్ మాంసానిదో కావచ్చు, బిస్కెట్లలో గుడ్డు ఉండొచ్చు. బుకింగ్‌లోనే "గుడ్డు, చేప, మాంసం ఏదీ వద్దు" అని విడివిడిగా రాయండి, వెజిటేరియన్ అని ఒక్కమాట సరిపోదు. వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు, కందిపొడి తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా లాంటివి తేకండి, యూరప్ బయటినుంచి పాల పదార్థాలు తీసుకురానివ్వరు.

ఎన్ని రాత్రులంటే, కనీసం నాలుగు. ఐదు ఉంటే నాకు నిశ్చింత. మొదటి రాత్రికే వ్యాన్ బుక్ చేయండి. ఆ రాత్రే కనిపిస్తే మిగతావి విశ్రాంతిగా గడుస్తాయి, కనిపించకపోతే ఇంకా టైముంటుంది. కనిపించలేదని డబ్బు వెనక్కి ఇవ్వరు. కొందరు మాత్రం రెండోసారికి తగ్గింపు ఇస్తారు. డబ్బు కట్టేముందే ఆ షరతు చదవండి.

సంక్రాంతి టైముకి ఇక్కడ ధ్రువ రాత్రి ముగుస్తూ ఉంటుంది. నవంబరు చివర్లో పోయిన సూర్యుడు జనవరి మధ్యలో మళ్ళీ క్షితిజం మీదికొస్తాడు. కొండలు అడ్డం కాబట్టి ఊళ్ళోవాళ్ళు జనవరి 21న సూర్యుడి రోజు జరుపుకుని జాము బన్నులు తింటారు. పగటిపూట నాలుగైదు గంటలు నీలిరంగు సంధ్య ఉంటుంది, అది కూడా అమ్మగారికి నచ్చుతుంది. సెలవు దొరికితే మాత్రం ఫిబ్రవరి చివర, మార్చి ఇంకా మంచిది. పగలు ఎక్కువ, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు దగ్గర అరోరా కూడా జోరుగా ఉంటుంది.

చివరగా ఒక్కటి. మొదట్లో అది తూర్పు నుంచి పడమరకు అగరుబత్తి పొగలా తెల్లగా, పల్చగా సాగుతుంది. "ఇదేనా?" అని చాలామంది డీలాపడి వ్యాన్ ఎక్కేస్తారు. ఎక్కనివ్వకండి. కళ్ళు చీకటికి అలవాటుపడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, ఈలోపు ఎవరూ ఫోన్ టార్చ్ వెయ్యకూడదు. ఆ పట్టీ కింది అంచు పదునుగా మారి, ప్రకాశం పెరిగిందంటే ఇక కదలడం మొదలవుతుంది. గైడ్ల ఫోన్లలో ట్రోమ్సో మాగ్నెటోమీటర్ (భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం) గ్రాఫ్ ఉంటుంది. గీత ఒక్కసారిగా కిందికి పడితే "అందరూ దిగండి" అని అరుస్తారు. అమ్మగారు సైన్సు టీచరు కదా, ఆ గ్రాఫ్ చూపించమని గైడ్‌ను అడగండి. 1741లో ఉప్సాలాలో సెల్సియస్, ఆయన సహాయకుడు హియోర్టర్ అరోరా వచ్చినప్పుడు దిక్సూచి ముల్లు కదలడం గమనించారు. థర్మామీటరు సెల్సియసే ఆయన. మాగ్నెటోమీటర్ చూపించేదీ అదే కదలిక. హాన్లేలో కనిపించిన ఎరుపు, ఇక్కడి ఆకుపచ్చ రెండూ ఆక్సిజన్ వెలుగే. 200 కిలోమీటర్లు దాటితే 630 నానోమీటర్ల ఎరుపు, అంతకు కింద 557.7 ఆకుపచ్చ. జోరుగా ఉన్న రాత్రి ఆకుపచ్చ పైన ఆ ఎరుపు కూడా ఉంటుంది.

స్టాక్‌హోమ్ సీమబిడ్డ

తమ్ముడు అన్నీ బాగా చెప్పాడు. కానీ పెద్దావిడకు నేనైతే స్వీడన్‌లోని అబిస్కో చెప్తాను. పడమటి కొండలు మబ్బుల్ని ఆపేస్తాయి కాబట్టి, టోర్నెట్రాస్క్ సరస్సు మీద చుట్టుపక్కలకన్నా ఆకాశం ఎక్కువసార్లు తెరిపిస్తుంది. స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలెక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. మా అత్తయ్యను అలాగే తీసుకెళ్ళాను. బస నుంచి నాలుగడుగులు వేస్తే చీకటి, ఆకాశం. అరగంట చూసి చలేస్తే లోపలికొచ్చి టీ తాగి, మళ్ళీ వెళ్ళేవాళ్ళం. అర్ధరాత్రి గంటలకొద్దీ వ్యాన్లో కూర్చోవడం మోకాళ్ళకు మంచిది కాదు కదా. నూల్యా కొండ మీదికి తీసుకెళ్ళే చెయిర్ లిఫ్ట్ ట్రిప్ మాత్రం ఆమెకు వద్దు. తెరిచిన కుర్చీలో ఇరవై నిమిషాలు గాలికి వేలాడుతూ వెళ్ళాలి.

ఓరుగల్లు నుంచి ఆర్కిటిక్

అబిస్కో మాట నిజమే అక్కా, ఒప్పుకుంటాను. కానీ అక్కడ మైనస్ ఇరవై బస గుమ్మం దగ్గరే ఉంటుంది. ఊరు కూడా మరీ చిన్నది, షుగర్ పేషెంటుకు అర్ధరాత్రి అవసరమొస్తే పెద్ద ఆసుపత్రి ట్రోమ్సోలోనే ఉంది. అమ్మగారి ఆరోగ్యం దృష్ట్యానే నేను ట్రోమ్సోకే ఓటు వేస్తున్నాను.

కాకినాడ కెమెరా

ఫొటోల గురించి కొంచెం. ఫోన్ అయితే నైట్ మోడ్ పెట్టి ట్రైపాడ్ మీద ఉంచండి, చేత్తో పట్టుకుంటే చెదిరిపోతుంది. కెమెరా అయితే మాన్యువల్‌లో ఫోకస్ ఒక చుక్క మీద సరిచూసుకుని, ఐఎస్‌ఓ 1600 నుంచి 3200, లెన్స్ ఎంత తెరుచుకుంటే అంత, షట్టర్ 5 నుంచి 10 సెకన్లు. వేగంగా కదులుతుంటే 2, 3 సెకన్లకు తగ్గించండి. రెండో బ్యాటరీ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి ఛార్జ్ చూస్తుండగానే పడిపోతుంది. వ్యాన్ ఎక్కేముందు బయటే కెమెరాను జిప్ కవర్లో వేసి మూసేయండి. లేకపోతే వెచ్చటి గాలి తగలగానే లెన్స్ అంతా చెమ్మ పడుతుంది. అమ్మగారి ఫొటో కావాలంటే ఆమెను షట్టర్ మూసేదాకా కదలకుండా నిలబడమనండి, ఫ్లాష్ వద్దు.

కృష్ణాతీరం

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. తమ్ముడూ, ఆసుపత్రి మాట విన్నాక ట్రోమ్సోకే మొగ్గుతున్నాను. ఐదు రాత్రులు, చిన్న వ్యాన్. అమ్మకు 1741 సంగతి చదివి వినిపిస్తే, లేచి వెళ్ళి దిక్సూచి వెతుకుతోంది. ఒక్క డౌట్. నార్వే నుంచి సింగిల్ ఎంట్రీ వీసా వస్తే, రాత్రిపూట ఫిన్లాండ్ వెళ్ళి మళ్ళీ నార్వేకి రావచ్చా? ఆ ఒక్క ఎంట్రీ అయిపోయినట్టు కాదు కదా?

స్టాక్‌హోమ్ సీమబిడ్డ

కాదమ్మా. రెండూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే దేశాలు, లోపల అటూ ఇటూ తిరగడం ఎంట్రీ కింద లెక్కకు రాదు. కాకపోతే ఇద్దరి పాస్‌పోర్టులూ ఆ రాత్రి వ్యాన్‌లో మీ దగ్గరే ఉండాలి, హోటల్ లాకర్లో వదిలేయకండి. సరిహద్దులో ఎప్పుడైనా ఆపి అడగొచ్చు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. తీసుకునేటప్పుడు అమ్మగారికి షుగర్ ఉన్న విషయం దాచకుండా రాయించండి. వీసాకు ఆర్నెల్ల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు. జనవరి ట్రిప్ కాబట్టి దసరా అయిన వెంటనే హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి, డిసెంబరు దాకా ఆగొద్దు.