కింగ్ అనే మాటకు మూలం *కునింగజ్ అంటారు, అది ఎక్కడా రాసి లేదు కదా?

ప్రశ్న:
ఇంగ్లిష్ కింగ్, జర్మన్ కోనిగ్, స్వీడిష్ కుంగ్, ఇవన్నీ *కునింగజ్ అనే ఒక్క ప్రాచీన జర్మానిక్ మాటలోంచి వచ్చాయని చదివాను. ముందు నక్షత్రం గుర్తు (*) పెట్టారంటే అది ఊహించి కట్టిన రూపమని అర్థం. మరి ఎవరూ రాయని మాట చివర్లో "అజ్" ఉండేదని అంత ధీమాగా ఎలా చెప్తారు? క్వీన్ కూడా ఇందులోంచే వచ్చిందా?

జవాబు:
ముందు ఫిన్నిష్ చూడండి. అది జర్మానిక్ భాష కానే కాదు, కానీ ఎప్పుడో ఈ మాటను అరువు తీసుకుని ఇప్పటికీ "కునింగాస్" అంటోంది. సొంత పిల్లలు పోగొట్టుకున్న తోకను పక్కింటివాళ్లు దాచిపెట్టారు, నాకు ఈ విషయంలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఉంగరానికి వాళ్లనే "రెంగాస్" మాట కూడా అలాంటి అరువే, ఇంగ్లిష్‌లో అది రింగ్ అయిపోయింది. పైగా డెన్మార్క్‌లో దొరికిన, సుమారు క్రీ.శ. 400 నాటి గల్లెహుస్ బంగారు కొమ్ము మీద రూన్ అనే పాత జర్మానిక్ లిపిలో, ఇదే తోకతో "హోల్తియజ్" అని ఉండేది. అంటే "అజ్" ఉత్త ఊహ కాదు.

జవాబు:
అర్థం సంగతి కూడా చెప్తాను. *కున్యం అంటే వంశం, "ఇంగ్" అంటే దానికి చెందినవాడు, కాబట్టి రాజంటే గొప్ప వంశంలో పుట్టినవాడు. దీని వెనకున్న ధాతువే సంస్కృతంలో జన్మ, జాతి, జనం అయింది, లాటిన్‌లో గెనుస్ అయింది. పాత "గ" జర్మానిక్‌లో "క" అవడం గ్రిమ్ సూత్రం, యాకోబ్ గ్రిమ్ 1822లో వివరంగా రాశాడు. క్వీన్ మాత్రం వేరండి, దాని మూలానికి స్త్రీ అని అర్థం, గ్రీకు "గునే"కి చుట్టం.

జవాబు:
అరువు వెళ్లినచోట అర్థం భలే మారింది. రష్యన్‌లో "క్న్యాజ్" అంటే సంస్థానాధీశుడు లేదా రాకుమారుడు, లిథువేనియన్‌లో "కునిగాస్" అంటే క్రైస్తవ పూజారి!

ప్రశ్న వేసినవారు:
థాంక్స్ అండి, ఫిన్నిష్ సంగతి అస్సలు తెలీదు. మరి పాత జర్మానిక్ భాష గోథిక్‌లో ఏ రూపం ఉంది?

జవాబు:
ఈ మాటే కనిపించదు. 4వ శతాబ్దంలో వుల్ఫిలా చేసిన బైబిల్ అనువాదంలో రాజుకు "థియుదన్స్" అని వాడాడు, అది ప్రజలు అనే అర్థమున్న "థియుద" నుంచి పుట్టింది. వంశం అనే అర్థంలో "కుని" మాత్రం గోథిక్‌లో ఉంది.