1951 టెస్టుల్లో ప్విగ్ ఒబేర్: 18కి 18 గోల్స్, సిరీస్ అతనొక్కడిదేనా?

కొలతబద్ద:
1951లో ఫ్రాన్స్ రగ్బీ లీగ్ (జట్టుకు 13 మంది ఆడే రగ్బీ) జట్టు ఆస్ట్రేలియాలో టెస్ట్ సిరీస్ 2-1తో గెలిచింది. ఫుల్‌బ్యాక్ (అందరికన్నా వెనక కాపుకాసే ఆటగాడు) ప్విగ్ ఒబేర్ 18 సార్లు గురిపెడితే 18 గోల్సూ (పోస్టుల మధ్యగా, అడ్డకర్ర మీదుగా బంతిని తన్నడం) పడ్డాయంటారు. మరి ట్రైలు (బంతిని అవతలి జట్టు గోల్ గీత దాటించి నేలకు ఆనించడం) చేసినవాళ్ల వాటా ఎంత?

పాత స్కోరు:
అప్పట్లో ట్రైకి 3 పాయింట్లే, ఏ గోల్‌కైనా 2. ఇది తెలిస్తే స్కోరు విప్పడం తేలిక.

సిడ్నీ 26-15 (ముందుది ఫ్రాన్స్ స్కోరు): ఫ్రాన్స్‌కి 4 ట్రైలు, 7 గోల్స్.
బ్రిస్బేన్ 11-23: 1 ట్రై, 4 గోల్స్.
మళ్లీ సిడ్నీ 35-14: 7 ట్రైలు, 7 గోల్స్.

ఫ్రాన్స్ మొత్తం 72, అతని కాలి నుంచి 36. సరిగ్గా సగం! కానీ గోల్స్ తీసేసి చూడండి. మూడో టెస్టులో 21 మిగులుతాయి, ఆస్ట్రేలియా 14 కన్నా ఎక్కువే. మొదటి టెస్టులో మిగిలేది 12, అవతల 15. కాబట్టి అతను గెలిపించింది మొదటి టెస్టు. మూడోది ట్రైలు గెలిపించినదే.

గడ్డి మీద బంతి:
ఇంకో సంగతి. ట్రైకి ఒక్క కన్వర్షనే (ట్రై తర్వాత గోల్‌కి తన్నే అవకాశం) కదా. మొదటి రెండు టెస్టుల్లో ట్రైల కన్నా గోల్స్ మూడేసి ఎక్కువ, అంటే కనీసం ఆరు పెనాల్టీలో (అవతలివాళ్ల తప్పుకి దొరికే తన్ను) డ్రాప్ గోల్సో (ఆట మధ్యలో బంతిని నేలకు వదిలి, ఎగరగానే తన్నేవి) అయ్యుండాలి.

కన్వర్షన్ కూడా ఊరికే రాదు. ట్రై పెట్టిన చోటికి ఎదురుగా వెనక్కి వచ్చి కొట్టాలి. మూలన ట్రై పడితే పోస్టుల మధ్య సందు సన్నగా కనిపిస్తుంది. పైగా అది తోలు బంతి, తడిస్తే బరువెక్కుతుంది. బూటు మొనతో నేరుగా తన్నే రోజులు, మొన కాస్త పక్కకు తగిలినా బంతి మెలిక తిరిగి పోతుంది.

కొలతబద్ద:
బాగుంది. ప్విగ్ ఒబేర్ మొదట యూనియన్ (జట్టుకు 15 మంది ఆడే రగ్బీ) ఆటగాడేనా?

పాత స్కోరు:
అవునండీ. 1941లో విషీ ప్రభుత్వం (రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీకి సహకరించిన ఫ్రాన్స్ ప్రభుత్వం) లీగ్‌ను నిషేధించి ఆస్తులు లాక్కుంది. ఆ కాలంలో పెర్పిన్యాన్ క్లబ్ తరఫున యూనియన్ ఆడి 1944లో ఫ్రాన్స్ టైటిల్ గెలిచాడు. తర్వాతే కార్కసోన్‌లో లీగ్. సిగరెట్ల పిచ్చికి ‘పిపెట్’ అనే ముద్దుపేరు. టాకిల్ (బంతి ఉన్న ప్రత్యర్థిని పట్టి ఆపడం) చేయడమంటే పెద్ద ఇష్టం లేదని కూడా చెబుతారు, ఫుల్‌బ్యాక్‌కి అది చిన్న లోపం కాదు.

గడ్డి మీద బంతి:
నేటి లెక్కలో ట్రైకి 4 వేస్తే ఫ్రాన్స్‌కి 84, అతని వాటా 43 శాతానికి దిగుతుంది. డ్రాప్ గోల్స్ ఉంటే ఇంకాస్త తక్కువ, ఇప్పుడు వాటికి మామూలుగా ఒక్క పాయింటే.