కమ్యూనిటీ కాలేజీ వాలంటీర్ల సన్మానం ఎలా చేస్తే బాగుంటుంది?

ప్రశ్న: అమెరికాలో మా కమ్యూనిటీ కాలేజీకి సాయపడే 60 మంది వాలంటీర్లను సన్మానించాలి. గంటల లెక్క చూడాలా, అందరికీ ఒకేలా చేయాలా?

జవాబు: గంటలే చూస్తే కొందరికి అన్యాయం జరుగుతుందండీ. ట్యూటర్లు రిజిస్టర్‌లో సంతకం పెడతారు; స్కాలర్‌షిప్ దరఖాస్తులు ఇంట్లో కూర్చుని చదివిపెట్టేవాళ్ల పేరు ఎక్కడా ఉండదు. 6 వారాల ముందే ప్రతి విభాగం నుంచీ విడిగా జాబితా తెప్పించండి. సర్టిఫికెట్లు ప్రింటుకు పంపేముందు పేరు స్పెల్లింగ్ వాళ్లనే అడిగి సరిచూసుకోండి.

జవాబు: సర్టిఫికెట్ల మీద అందరికీ "విశిష్ట సేవలకు" అని ఒకే ముక్క రాయకండి. "సాయంత్రాలు ల్యాబ్‌లో బీజగణితం నేర్పినందుకు" అని రాయండి. వేదిక మీద మనిషికి 40 సెకన్లు వేసుకున్నా 60 మందికి 40 నిమిషాలు పడుతుంది. అందుకే ప్రసంగాలు తగ్గించి, సాయం పొందిన విద్యార్థి ఒకరికి మైకు ఇవ్వండి.

జవాబు: ఏప్రిల్‌లో జాతీయ వాలంటీర్ వారం ఉంటుంది, అప్పుడే పెట్టండి. మే దాకా ఆగితే ఫైనల్ పరీక్షల హడావుడిలో విద్యార్థులు రాలేరు.