మిడిల్ ఎర్త్ మ్యాపును యూరప్ మీద పెడితే ఎక్కడ కుదురుతోంది, ఎక్కడ తప్పుతోంది?

పటాలపిచ్చి:
మూడు వారాలుగా సాయంత్రాలన్నీ దీనికే పోతున్నాయి. 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రాసిన టోల్కీన్ ఊహించిన లోకం మిడిల్ ఎర్త్. దాని మ్యాపును పారదర్శక షీటు మీద ప్రింట్ తీసి, గోడకున్న ప్రపంచ పటంలో యూరప్ మీద పెట్టి జరుపుతున్నాను. కథ మొదలయ్యే షైర్ సీమలోని హాబిటన్ ఊరిని ఆక్స్‌ఫర్డ్ మీద ఉంచి, అక్కడి స్కేలుకు సరిపోయేలా షీటు సైజు సర్దాను. షైర్ నుంచి తూర్పుకు బయలుదేరితే కొద్ది దూరానికే నార్త్ సీ వచ్చేస్తోంది. కొండల అంచున ఉండే ఎల్ఫుల లోయ రివెండెల్ నా కొలతలో 400 మైళ్లు తూర్పున, జర్మనీ పడమటి భాగంలో పడుతోంది. అక్కడ మంచుకొండలే లేవు. పోనీ అని రివెండెల్‌ను ఆల్ప్స్ మీదికి లాగితే హాబిటన్ ఫ్రాన్స్ పడమటి తీరానికి జారిపోతోంది. మీలో ఎవరైనా ఈ పని చేసి ఉంటే ఏ చోటును స్థిరంగా పట్టుకున్నారో చెప్పండి.

నదివెంట:
నేను పట్టుకున్నది ఆయన మాటనే. 1967 ఫిబ్రవరిలో రాసిన ఒక ఉత్తరంలో టోల్కీన్ లెక్క స్పష్టంగా చెప్పారు. హాబిటన్, రివెండెల్ రెండూ సుమారుగా ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద ఉన్నాయనుకుంటే, 600 మైళ్లు దక్షిణాన ఉన్న మినస్ తిరిత్ నగరం ఇటలీలోని ఫ్లోరెన్స్ అక్షాంశానికి వస్తుంది. అండుయిన్ నది సముద్రంలో కలిసే చోటు, పెలార్గిర్ నగరం పాత ట్రాయ్ అక్షాంశానికి వస్తాయి.

ఇంకోటి కూడా ఉంది. చిత్రకారిణి పాలిన్ బేన్స్ దగ్గరున్న మ్యాపు ప్రతి మీద టోల్కీన్ స్వయంగా రాసిన గుర్తులు 2015లో బయటపడ్డాయి. ఇప్పుడు ఆ మ్యాపు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. అందులో మినస్ తిరిత్‌కు రవెన్నా అక్షాంశం చెప్పారు, కానీ హాబిటన్‌కు 900 మైళ్లు తూర్పున ఉంది కాబట్టి బెల్‌గ్రేడ్‌కు దగ్గర అన్నారు. దక్షిణాన ఉన్న ఉంబార్ రేవుకు సైప్రస్ అక్షాంశం. 1,450 మైళ్ల కింద ఉన్న మ్యాపు అడుగు అంచుకు జెరూసలేం అక్షాంశం.

గమనించండి, ఆయన ఎక్కడా "ఇది ఫలానా ఊరే" అనలేదు. ముఖ్యంగా ఎంత ఉత్తరాన, ఎంత దక్షిణాన అన్నదే చెప్పారు. అంటే ఎండ ఎంత, చలి ఎంత, పగలు ఎంతసేపు అన్నది తేలుతుంది. తీరాల ఆకారం కుదరాలని చూస్తే ఎన్ని వారాలైనా తెమలదు.

పటాలపిచ్చి:
నదివెంట గారూ, ఈ అంకెలు దొరకడం చాలా సంతోషంగా ఉంది. కానీ వీటితో సరిచూస్తే నా షీటు ఇంకా తప్పుతోంది. మినస్ తిరిత్ ఫ్లోరెన్స్ దాటిపోయి రోమ్ అక్షాంశం దాకా దిగింది. అడుగు అంచయితే జెరూసలేం దగ్గర ఆగకుండా ఈజిప్టులో లక్సోర్ దాకా వెళ్లింది. దాదాపు ఆరు డిగ్రీల తేడా. ఆయన లెక్కలో ఇంత తప్పు ఉంటుందంటే నమ్మలేకపోతున్నాను.

కొండగాలి:
రివెండెల్ గురించి ఒక మాట. నేను స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రునెన్ లోయకు వెళ్లాను. రెండు వైపులా నిలువుగా లేచిన కొండచరియలు, వాటి మీద నుంచి దూకే జలపాతాలు. అందులో స్టౌబాఖ్ ఒక్కటే 297 మీటర్ల ఎత్తు. గాలి వీస్తే ఆ నీళ్లు కింద పడేలోపే తుంపరలై చెదిరిపోతాయి. పుస్తకం చదివినప్పుడు కళ్ల ముందు కట్టిన లోయ ఇదే అనిపించి, కాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

ఇది నా ఊహ ఒక్కటే కాదు. టోల్కీన్ 1911లో, 19 ఏళ్ల వయసులో, ఈ ప్రాంతమంతా కాలినడకన తిరిగారు. కథలో రివెండెల్‌ను ఆనుకుని ఉన్న పొగమంచు కొండల్లోని సిల్వర్‌టైన్ శిఖరానికి మూలం ఇక్కడి సిల్బర్‌హార్న్ అని తర్వాత ఉత్తరంలో ఆయనే రాశారు. అయితే ఈ లోయ ఉన్నది 46.6 డిగ్రీల దగ్గర, ఆక్స్‌ఫర్డ్ ఉన్నది 51.75 దగ్గర. లోయ రూపం ఒక చోటిది, దాన్ని ఉంచిన అక్షాంశం ఇంకో చోటిది. రెండూ నిజమే. ఒకే షీటు మీద రెండింటినీ కలపాలని చూడటం వల్లే మీ హాబిటన్ ఫ్రాన్స్‌కు పోయింది.

సినిమా చూసి, అది తీసిన న్యూజిలాండ్ వెళ్లేవాళ్లకు మూడో లెక్క కూడా తోడవుతుంది. మౌంట్ డూమ్‌గా చూపించిన నౌరుహోయ్ అగ్నిపర్వతం 39 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. పుస్తకంలోని లోకంలో దక్షిణం వైపు ఉండాలి.

గాలివాటు:
నేను సొంతంగా ఒక లోకం గీస్తున్నాను కాబట్టి నాకు అన్నిటికంటే పనికొచ్చింది వాన లెక్క. 2013లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాతావరణ శాస్త్రవేత్త డాన్ లంట్ మిడిల్ ఎర్త్ మ్యాపును నిజమైన వాతావరణ మోడల్‌లో పెట్టి నడిపారు. షైర్ వాతావరణం ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్, లెస్టర్‌షైర్‌లకు దగ్గరగా వచ్చింది. కథలోని శత్రువు రాజ్యం మోర్డోర్‌కు లాస్ ఏంజెలెస్, పడమటి టెక్సస్, ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ పోలికలు తేలాయి. పొగమంచు కొండలకు తూర్పున వర్షచ్ఛాయ ప్రాంతం ఏర్పడింది. గాలి పడమటి సముద్రం మీద నుంచి తేమ మోసుకొచ్చి కొండ ఎక్కుతూ వాన కురిపించేసి, అవతలికి పొడిగా దిగుతుంది.

ఇది చదివి నేను నా మ్యాపులోనూ కొండకు తూర్పునే ఎడారి పెట్టేశాను. తప్పు. నా కొండ ఉన్నది 25 డిగ్రీల దగ్గర. ఆండీస్‌ను చూశాక అర్థమైంది. 45 డిగ్రీల దక్షిణాన పశ్చిమ పవనాలు వీస్తాయి కాబట్టి చిలీ వైపు దట్టమైన అడవులు, తూర్పున పటగోనియా పొడి నేల. అదే కొండల వెంట 25 డిగ్రీలకు వస్తే పరిస్థితి తిరగబడుతుంది, పడమటి వైపే అటకామా ఎడారి. అక్కడ ఒడ్డు వెంట చల్లటి సముద్ర ప్రవాహం కూడా ఎండబెడుతుంది. మొత్తం వాయవ్య రాజ్యాన్ని చెరిపి మళ్లీ గీయాల్సి వచ్చింది, కానీ గీశాక ఆ లోకంలో ఊళ్లు ఎక్కడుండాలో వాటంతటవే తెలిశాయి.

తూర్పుకిటికీ:
పటాలపిచ్చి గారూ, మీ గోడ మీదున్న పటం మెర్కేటర్ పద్ధతిలోదా? గ్రీన్‌లాండ్ దాదాపు ఆఫ్రికా అంత కనిపిస్తుంటే అదే. నిజానికి ఆఫ్రికా దానికి 14 రెట్లు పెద్దది. ఆ పటంలో ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ అన్నీ సాగిపోతాయి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర నేల 1.6 రెట్లు సాగి కనిపిస్తుంది, జెరూసలేం దగ్గర 1.2 రెట్లే. మీరు ఆక్స్‌ఫర్డ్ స్కేలుతో ప్రింట్ తీసి దక్షిణానికి కొలిచారు కాబట్టి కిందికి పోయే కొద్దీ షీటు నేలను దాటిపోయింది. నాకూ ఇదే జరిగింది. పటం వదిలేసి గ్లోబు మీద దారంతో కొలవండి. అక్షాంశం ఒక డిగ్రీకి 69 మైళ్లు, అంటే 111 కిలోమీటర్లు.

శిలాజం:
మోర్డోర్ చుట్టూ కొండలు మూల తిరిగినట్టు ఉండటం ప్రకృతిలో జరగదని చాలామంది అంటారు. రుమేనియాలో కార్పాతియన్ కొండలు చూడమని నా సలహా. దక్షిణ కార్పాతియన్లు తూర్పు పడమరలుగా సాగి, బ్రషోవ్ దగ్గర ఒక్కసారిగా ఉత్తరానికి మళ్లుతాయి. లోపల ట్రాన్సిల్వేనియా పీఠభూమి. మోర్డోర్ అంత పదునైన మూల కాదు కానీ, అసలు జరగదు అనేంత వింత కూడా కాదు.

ఇక నార్త్ సీ సంగతి. ఒకప్పుడు అక్కడ డాగర్‌ల్యాండ్ అనే పొడి నేల ఉండేది, సుమారు 8,000 ఏళ్ల క్రితానికి మునిగిపోయింది. టోల్కీన్ తన కథకూ మన కాలానికీ మధ్య దాదాపు 6,000 ఏళ్లని ఒక ఉత్తరంలో అంచనా వేశారు కాబట్టి ఇది కచ్చితంగా అతకదు. అయినా నార్త్ సీ మీద షీటు పెట్టినప్పుడల్లా నాకు ఆ నేలే గుర్తొస్తుంది.

పటాలపిచ్చి:
తూర్పుకిటికీ గారూ, మెర్కేటరే! నిన్న రాత్రంతా గ్లోబు, దారం పట్టుకుని కూర్చున్నాను. 600 మైళ్లకు మినస్ తిరిత్ 43 డిగ్రీల దగ్గర ఆగింది, ఫ్లోరెన్స్‌కు డిగ్రీ కూడా తేడా లేదు. అడుగు అంచు 31 డిగ్రీలకు కాస్త కింద, జెరూసలేంకు ఒక డిగ్రీ దక్షిణాన. ఆయన లెక్క తప్పేమో అని అనుమానించినందుకు బాధగా ఉంది.

ఒక్క ముడి మిగిలింది. 900 మైళ్లు ముందు ఆక్స్‌ఫర్డ్ గీత వెంబడే తూర్పుకు కొలిచి, తర్వాత దక్షిణానికి దిగితే 20 డిగ్రీల తూర్పు రేఖాంశానికి చేరుతున్నాను, బెల్‌గ్రేడ్‌కు దాదాపు నేరుగా కింద. అదే ముందు దక్షిణానికి దిగి ఆ తర్వాత తూర్పుకు కొలిస్తే 17 దాటడం లేదు, మినస్ తిరిత్ క్రొయేషియా ఒడ్డున స్ప్లిట్ దగ్గర ఏడ్రియాటిక్ సముద్రంలో పడుతోంది. నదివెంట గారూ, మీరు ఏ వరసలో కొలిచారు?