వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ని పక్కకు తిప్పగానే బీపీ పడిపోతోంది

ఐసీయూలో స్టాఫ్ నర్సుని. పేషెంట్‌కి 60 దాటాయి. న్యుమోనియాతో సెప్టిక్ షాక్ (ఇన్ఫెక్షన్ వల్ల బీపీ పడిపోవడం), వెంటిలేటర్ మీద ఇవాళ 4వ రోజు. ఎఫ్ఐఓ2 (ఇచ్చే గాలిలో ఆక్సిజన్) 60 శాతం, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపే ఒత్తిడి) 10, బీపీ నిలబెట్టే మందు నార్‌అడ్రినలిన్ నడుస్తోంది.

తలవైపు 30 డిగ్రీలు ఎత్తి వెల్లకిలా ఉంచినంతసేపూ మ్యాప్ (సగటు బీపీ) 68, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 94. ఎడమ పక్కకు తిప్పిన నిమిషంలోపే మ్యాప్ 54, సాచురేషన్ 85కి దిగిపోతున్నాయి. కుడివైపు కూడా పడుతోంది గానీ మరీ అంత కాదు. వెనక్కి పడుకోబెట్టాక తేరుకోవడానికి 10 నిమిషాలు. రాత్రి డ్యూటీలో మూడుసార్లూ ఇదే వరస.

తిప్పే ముందు సక్షన్ చేసి (ట్యూబ్‌లోని కఫం లాగేసి), 2 నిమిషాలు 100 శాతం ఆక్సిజన్ ఇచ్చాను. తప్పుడు రీడింగేమో అనుకుని (మొదట నా అనుమానం అదే) ట్రాన్స్‌డ్యూసర్‌ని (బీపీ కొలిచే సెన్సర్) గుండె మట్టానికి సరిచేసి మళ్లీ జీరో చేశాను. తేడా లేదు. ట్యూబ్ మార్కు కదల్లేదు, రెండువైపులా గాలి వినిపిస్తోంది, నార్‌అడ్రినలిన్ లైను మడతపడలేదు. నలుగురం కలిసి మెల్లగా తిప్పినా అంతే. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) లేదు. తట్టుకోలేకపోతే పూర్తిగా తిప్పొద్దన్నారు.

తిప్పకుండా వదిలేద్దామంటే నడుము కింద ఎముక మీద చర్మం ఎర్రబడింది, వేలితో నొక్కినా తెల్లబడటం లేదు, అంటే ఒత్తిడి పుండు మొదలవుతున్నట్టే. గాలి పరుపు వేశాం, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోలేను.

ఇలాంటి పేషెంట్‌కి పూర్తిగా తిప్పడానికి బదులు దిండుతో కొద్దికొద్దిగా వాలు ఇస్తూ చర్మాన్ని కాపాడినవాళ్లుంటే, ఎన్ని డిగ్రీలు, ఎంతసేపటికోసారి మార్చారో చెప్తారా?